పుట్టాక పుట్టే కిడ్నీలు

అయినదానికీ కానిదానికీ హడావిడిపడే తమ్ముడికి జంతుశాలలో కంగారూలను చూసుకునే ఉద్యోగం వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ పడీపడీ నవ్వారు. ఆనాటి నుంచి వాడి పేరు కంగారుగాడైపోయింది. అక్క అక్కడే పశువుల డాక్టరు.

ఆ ఉదయం, దవడకు చీముపట్టి బాధపడుతున్న ఆడ కంగారూ ప్రాణం విడిచింది. అక్క దాని పొట్ట సంచిలో చెయ్యిపెట్టి చూసింది. చిక్కుడు గింజంత పిల్ల చనుమొనను కరుచుకుని కదులుతోంది.

"బతికే ఉందక్కా! పాలు పట్టు."

"పడతానురా. కానీ ఒంట్లో నీళ్లూ ఉప్పూ సర్దుకోవడానికి దీనికి అసలు కిడ్నీలు ఇంకా తయారవలేదు."

"కిడ్నీల్లేకుండా ఎలా పుట్టింది?"

"తాత్కాలికంగా ఓ జత ఉంటాయి. మనకైతే అవి అమ్మ కడుపులోనే పోయి, అసలువి వచ్చేస్తాయి. వీటికి పుట్టాకే, సంచిలో పాలు తాగుతూ తాగుతూ ఏర్పడతాయి. అందుకే తల్లి ముందు నీళ్లపాలిచ్చి, పిల్ల ఎదిగేకొద్దీ చిక్కబరుస్తుంది."

"పక్క గదిలో ఉన్న తల్లి కంగారూకీ పాలున్నాయిగా?"

"దాని పిల్ల అప్పుడే బయటికి తొంగిచూస్తోంది. ఆ చిక్కటి పాలు దీనికి విషమేరా."

"ఇంత చదువు చదివావు, ఏదో ఒకటి చెయ్యవే!"

అక్క పాలపొడిని పలచగా కలిపి, వెంట్రుకలాంటి గొట్టంతో చుక్కచుక్కగా పట్టింది. మర్నాటికి పిల్ల ఒళ్లు నీరుపట్టి ఉబ్బింది. కాస్త చిక్కగా కలిపితే చర్మం ముడతలు పడింది. మళ్లీ పలచన చేసింది. చీకట్లో తడుముకుంటున్నానని ఆమెకు తెలుసు. తనకు పాఠాలు చెప్పిన పెద్దాయనకు ఫోన్ చేసింది.

"ఇంత చిన్నది నా చేతుల్లో ఎన్నడూ బతకలేదమ్మా," అన్నాడాయన.

తమ్ముడు, పిల్లను పడుకోబెట్టిన వెచ్చటి పెట్టె పక్కనుంచి కదల్లేదు. తిండి కూడా అక్కడికే తెప్పించుకుని, ముట్టకుండా వదిలేశాడు.

"కొన్నాళ్లు ఓపిక పడితే అసలు కిడ్నీలు వచ్చేస్తాయి కదక్కా?"

"వస్తాయిరా," అంది అక్క. ఆ కొన్నాళ్లే తన చేతిలో లేవని చెప్పడానికి నోరు రాలేదు.

"తొందరగా ఎదుగు తల్లీ," అంటూ వాడు తడిగుడ్డ మార్చసాగాడు. అక్క వంగి చూసింది. పలచటి చర్మం కింద గుండె కొట్టుకోవడం ఆగిపోయింది. వాడు గమనించలేదు. పొడిగుడ్డ అంచు జాగ్రత్తగా మడిచాడు.

"ఇప్పుడు వెచ్చగా ఉంది కదూ?"

"ఊఁ," అంది అక్క.

ఆ గొంతు విని వాడు తలెత్తి ఆమె ముఖం చూశాడు. చేతులు పెట్టెలోనే ఉండిపోయాయి.