నాలుక మీద తెల్లమచ్చలు

మా అన్నయ్య రొట్టెలు కాలుస్తాడు. పిండి దుమ్ము లేస్తే చాలు, అతని ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. డాక్టరమ్మ రాసిచ్చిన మందు రోజూ పీలుస్తూనే, అది ఉబ్బసం కాదు, వట్టి దగ్గేనంటాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

"మందు లేనిదే గడవనంత జబ్బయితే బట్టీ అమ్మేయండి," అంది వదిన ఒకరోజు.

"మందు మానేసి చూపిస్తా. అప్పుడు బట్టీ మాటెత్తకు," అని పంతం పట్టాడు అన్నయ్య.

నేను ఆసుపత్రి ల్యాబులో కఫం పరీక్షలు చేస్తాను. పిండి పడనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పిండి దుమ్ము వెళ్తే ఇసినోఫిల్స్ అనే కణాలు గుమిగూడతాయి. రంగు వేసి చూస్తే ఒంటి నిండా ఎర్రటి రేణువులతో కనిపిస్తాయి. పాపం, మనల్ని కాపాడదామనే వస్తాయి. కానీ చుట్టానికీ దొంగకీ తేడా తెలియక ఇంటినే చితగ్గొడతాయి. ఊపిరి గొట్టాలు వాచేది అందుకే. పీల్చే స్టెరాయిడ్ మందు వాటిని అంతగా చేరనివ్వదు. మానేస్తే మళ్లీ దిగుతాయి. మందు మొదలుపెట్టక ముందు తీసిన అన్నయ్య స్లైడు నిండా అవే.

అతని పోరు పడలేక డాక్టరమ్మ ఒప్పుకున్నారు. కొన్ని వారాలు ఆ మందు ఆపాలి. ఆయాసం వస్తే వెంటనే పీల్చుకోడానికి వేరే మందు జేబులో ఉండాలి. బట్టీ పని చేస్తూనే ఉండి, మళ్లీ కఫం ఇవ్వాలి.

ఇచ్చాడు. ఆ ఎర్ర రేణువుల కణాలు ఎంత వెతికినా ఒకటీ అరా తప్ప లేవు. వాటికి బదులు ఈస్టు కనిపించింది, సన్నటి దారాలు దారాలుగా. రొట్టెలవాడి నోట్లో ఈస్టు కాక ఏముంటుందని నవ్వుకున్నాను. తీరా చూస్తే అది రొట్టెల్లో వేసేది కాదు. ఆ మందు పీల్చి నోరు పుక్కిలించనివాళ్ల నాలుక మీద పెరిగే రకం. నా నవ్వు ఆగిపోయింది.

అన్నయ్యే చెబుతాడులే అని డాక్టరమ్మ గదిలో నోరు మూసుకుని నిలబడ్డాను. వదిన అతని పక్క కుర్చీలో కూర్చుంది.

"మందు లేకపోయినా కణాలు పెరగలేదు. ఇక మానేయొచ్చు," అంటూ డాక్టరమ్మ చీటీ మీద మందు పేరు కొట్టేయబోయారు. అన్నయ్య సరేనన్నట్టు తలూపాడు. నాకు నిజంగా భయమేసింది. ఈ మనిషి ఊపిరాడక పోతాడు గానీ నిజం చెప్పడు.

"అన్నయ్యా, ఒకసారి నాలుక చాపు," అన్నాను.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, చేత్తో నోరు మూసుకున్నాడు. డాక్టరమ్మ ఆ చెయ్యి తీయించి టార్చి వేశారు. నాలుక నిండా తెల్లమచ్చలు.

"మానేసిన నాలుగైదు రోజులకే ఊపిరందలేదు," అన్నాడు తల దించుకుని. "భయమేసి, పిండి గదిలో దాక్కుని రోజూ ఆ మందే పీల్చాను."

"మరి పుక్కిలించడానికేం?" అన్నాను.

"పుక్కిలిస్తే ఈవిడకి వినపడుతుంది కదే!"

"పీలిస్తే వినపడదా?" అంది వదిన. "రోజూ తలుపవతల నిలబడి వింటూనే ఉన్నా. పుక్కిలింపే వినపడలేదు. బట్టీ మాట ఇంకెప్పుడూ ఎత్తను, మీరు మందు మానకుండా ఉంటే చాలు. అయినా పిండి గదిలో రోజూ గ్లాసుతో నీళ్లు ఎందుకు పెడుతున్నాననుకున్నారు?"



"పిండిలో కలపడానికేమో అనుకుని కలిపేశాను," అన్నాడు అన్నయ్య.