కునుకు క్లాసు

కట్టుడు పళ్లు చేసే ల్యాబులో ఆమెను అందరూ కెప్టెన్ అనేవారు. సాయంత్రాలు వాలీబాల్ జట్టును నడిపేది మరి. పగలంతా మైనంతో ఎవరెవరివో దవడలు దిద్దడం, సాయంత్రం నెట్ దగ్గర ఎగరడం, ఇంటికొచ్చాక డిగ్రీ పుస్తకం ముందు కునికిపాట్లు. తల గోక్కునే తీరిక లేదు. ఉన్నా, వేళ్లనిండా ప్లాస్టర్ పిండి.

"ఏదో ఒకటి మానెయ్యవే," అనేది అక్క.

"ఏది మానను?"

"అది నువ్వే ఆలోచించుకో. అన్నట్టు, ఆదివారం పిల్లల్ని కాస్త చూస్తావా?"

ఇలా ఉండగా గోరుచుట్టు మీద రోకలిపోటులా మేనేజరు ఒక క్లాసు పెట్టించాడు. పని ఒత్తిడి తట్టుకోవడం ఎలా అని. అందరూ రావాల్సిందే. ఆ పూట పని మాత్రం ఎవరికీ మాఫీ లేదు.

మీటింగు గదిలో చాపలు పరిచారు. "పడుకుని కళ్లు మూసుకోండి, భుజాలు వదిలెయ్యండి," అన్నాడు పాఠం చెప్పడానికి వచ్చినాయన. ఆమె మూసుకుంది. అంతే. మళ్లీ తెరిచేసరికి అందరూ చుట్టూ నిలబడి ఉన్నారు. చెంపమీద చాప అచ్చు పడింది.

"చూశారా! నేను చెప్పింది ఇంత లోతుగా అందుకున్నవాళ్లను ఇదే చూడ్డం," అన్నాడాయన. నిద్రపోయానండీ అని ఆమె చెప్పబోయేలోగా చప్పట్లు మోగాయి.

మర్నాడు మేనేజరు పిలిచాడు. "ఇకమీదట శుక్రవారం శుక్రవారం ఈ క్లాసు నువ్వే చెప్పాలమ్మా."

"నా వల్ల కాదు సార్."

ఆయన ముఖం వెలిగిపోయింది. "అదీ! కాదనడం నేర్చుకోమని నిన్న చెప్పారా లేదా? నీకొక్కదానికే ఒంటబట్టింది. నువ్వే చెప్పాలి."

ఇంటికొచ్చి గోలపెడితే, "నీకేదొస్తే అదే నేర్పు," అంది అక్క.

ఆమెకొచ్చింది ఒక్కటే. శుక్రవారం తెరలు దించి, "పడుకోండి, ఎవరూ మాట్లాడొద్దు," అంది. ఇంకేదో చెబుతుందని కాసేపు ఎదురుచూశారు. అందరికన్నా ఎక్కువ సణిగే పాలిష్ పనాయనే ముందు గురక అందుకున్నాడు. తనిఖీకని వచ్చిన మేనేజరు బూట్లు విప్పి గోడకు చేరగిలబడ్డాడు. పరీక్షకు చదువుకుందామని తెచ్చుకున్న పుస్తకం ఆమె గుండెలమీదే బోర్లా పడింది. ఎన్నాళ్లకో, ఏ బెంగా లేని నిద్ర.

కింద ల్యాబులో ఫోను మోగి మోగి ఊరుకుంది. ఆ సాయంత్రానికి అందాల్సిన పళ్లు అందలేదు. వాటి తాలూకు పెద్దాయన పెళ్లి విందులో సూపు తాగి సరిపెట్టుకున్నాడట.

సోమవారం మేనేజరు గొంతు తగ్గించి, "పని మరీ నెత్తిమీదికొచ్చిందమ్మా. ఒత్తిడి తగ్గించుకోడానికి ఇప్పుడు టైమెక్కడిది? క్లాసు ఆపేద్దాం," అన్నాడు.

నెత్తిమీద బరువు ఒకటి దిగినందుకు సంతోషించాలి నిజానికి. కానీ ఆమెకు చెప్పలేనంత దిగులు పుట్టింది. శుక్రవారం ఆ వేళకు కాళ్లు వాటంతటవే మీటింగు గదివైపు నడిచాయి. మెల్లగా తలుపు తీసింది. చీకట్లోంచి పాలిష్ పనాయన గొంతు వినిపించింది.

"తలుపెయ్యమ్మా, వెలుతురు."