ఖాళీ రాయి

బిబియానెకు ముక్కు మీద కోపమని ఊళ్లో అందరూ అంటారు. అంటే అన్నారు గానీ, ఆవిడ ఊరికే కోప్పడిన రోజు ఒక్కటి చూపించమనండి. ఈసారి ఆ కోపం తమ్ముడి కొడుకు పావియా తెచ్చిన పటం మీద. గ్రీన్‌లాండ్ తీరం పొడుగునా మంచు పట్టని నేలకు విమానంలోంచి ఫోటోలు తీసి, రంగులు వేసి, జాబితా కట్టే ఆఫీసులో వాడి ఉద్యోగం. ఊరి పక్కన చేపలు ఎండబెట్టుకునే చదును రాతికి ఆ పటంలో బూడిద రంగు వేశారు.

"బూడిద రంగంటే ఏంట్రా?"

"ఖాళీ నేలని, అత్తా. ఖాళీ అయితే గని తవ్వే కంపెనీవాళ్లు అక్కడ రేవు కట్టుకుంటారు."

"ఖాళీనా? నువ్వు తిని ఇంతవాడివైన చేపలు ఎక్కడ ఎండాయిరా?"

పావియా తల గోక్కున్నాడు. ఫోటో తీసింది నిరుడు ఆగస్టులో. ఏటా అప్పటికి ఊరివాళ్లు చేపలన్నీ సంచులకెత్తి, రాతిని సముద్రపు నీళ్లతో కడిగి, తాడుముక్క కూడా వదలకుండా వచ్చేస్తారు. మురికి రాతి మీద మళ్లీ చేప పరచకూడదని తాతల నాటి పట్టింపు. ఆ శుభ్రమే ఇప్పుడు కొంప ముంచింది.

"రేపు విమానం చివరిసారి వస్తుంది. ఈలోగా ఓ రేకుల షెడ్డు వేసెయ్యండి, చాలు."

"గాలికి అడ్డంగా షెడ్డా? చేపలు కుళ్లబెట్టుకోమంటావా? ఇప్పుడు రాయంతా పరిచే ఉన్నాయిగా, అవి చాలవూ?"

"చేపా రాయీ ఒకే రంగత్తా. పైనుంచి తెలీదు."

"అయితే తెలిసేదే పెడతాలే."

మర్నాడు బిబియానె ఎర్ర కోటు తొడుక్కుని వెళ్లి, చేపల వరసల మధ్య వెల్లకిలా పడుకుంది. చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లు మొదట పగలబడి నవ్వారు. తర్వాత ఒకావిడ నీలం కోటుతో వచ్చి పక్కన పడుకుంది. ఇంకాసేపటికి పిల్లలూ ముసలివాళ్లూ సహా ఊరు ఊరంతా అక్కడే పడుకుని ఉంది.

పావియా రొప్పుతూ పరిగెత్తుకొచ్చాడు. "లే అత్తా, నా ఉద్యోగం ఊడుతుంది."

"ఊడితే వచ్చి చేపలు తిరగేద్దువుగాని. ఇక్కడ బోలెడు పనుంది."

కొండ వెనక విమానం మోత వినిపించింది. ఎవరూ కదల్లేదు. పావియాకు ఉక్రోషమూ ఏడుపూ కలిసి వచ్చాయి. పక్కకు తప్పుకుందామని చూశాడు గానీ, ఆ ఖాళీ నేల మీద కాలు మోపే చోటు లేదు. చివరికి ఆఫీసువాళ్లిచ్చిన పసుప్పచ్చ కోటుతోనే అత్త పక్కన ఒదిగి పడుకున్నాడు.

"కాలు అటు జరపరా," అంది బిబియానె, ఆకాశం మీంచి చూపు తిప్పకుండా. "చేపను తొక్కుతున్నావు."