గుండె పెట్టుకో

జమ్మలమడుగులో మహబూబ్‌బీ తెల్లారి లేస్తానే టీ కూడా తాగదు. పొదుగు గంప ముందర గొంతుక్కూర్చుని గుడ్లకు పని చెప్తుంది.

"ఈ పొద్దు కండ్లు పెట్టుకోండి. తొందర లేదు, రెండూ ఒక తీరుగా రావల్ల."

గుడ్లు పెట్టుకుంటాయి. మొదట గుండె, ఆ తర్వాత కండ్లు, కాళ్లు, రెక్కలు, ముక్కు. ఆమె ఏది చెప్తే అది. చెప్పకపోతే ఆగుతాయి. ఒకసారి ఆమె కడప దర్గాలో గంధం పండగకు పోయి చుట్టాలింట్లో ఉండిపోతే, పాపం, గుడ్లు కాళ్లు లేకుండానే ఆమె కోసం కాచుకున్నాయి. పొదిగే పెట్టకు మాత్రం ఒళ్లు మండి, తిరిగొచ్చినామె చెయ్యి పొడిచింది. పొడవదా మరి? వీధిలో వాళ్లు తమ గుడ్లు కూడా తెచ్చిచ్చి, "మావాటికి కాళ్లు కొంచెం గట్టియి చెప్పక్కా" అని పోతుంటారు.

ఆ పొద్దు గంపలో కొత్త గుడ్లు. టార్చిలైటు మీద పెట్టి చూస్తే లోపల ఉత్త పచ్చసొన. గుండె చెప్పాల్సిన రోజు. ఆమె నోరు తెరిచేలోగా కూతురు ఫరహత్ వాకిట్లో ఆటో దిగింది. పులివెందుల నుంచి ఒక్కతే వచ్చింది.

"ఏంది మే, చెప్పాపెట్టకుండా వచ్చినావు? అల్లుడేడి?"

ఫరహత్ గంప పక్కన కూలబడి, చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"మ్మా, నాకు నెల తప్పింది. మూడో నెల వచ్చేదాకా ఎవురికీ చెప్పొద్దు, దిష్టి తగుల్తాదని మా అత్త అనింది. ఇంట్లో గూడా ఎవురూ ఆ మాటెత్తల్యా. నిన్న పొద్దుటూర్లో స్కానింగ్ తీస్తే గుండె కొట్టుకోల్యా. వారం చూద్దాం, అప్పటికీ రాకపోతే తీసేయాల్సిందే అనింది డాక్టరమ్మ. పోయినసారి మాదిరే, మ్మా."

పోయినసారి సంగతి మహబూబ్‌బీకి అప్పుడే తెలిసింది. ముందు దుఃఖమొచ్చింది, వెనకాలే కోపమొచ్చింది.

"నువ్వన్నా కడుపులోదానికి ఒక మాట చెప్పినావా?"

"గమ్మునుండమన్నారు. ఉన్నా."

"అడక్కుంటే అమ్మైనా పెట్టదు. ఎవురూ ఏమీ చెప్పకుంటే అది మాత్రం ఏం చేస్తాది? చేతులు కట్టుకోని కూచోనుంటాది. చేతులు గూడా ల్యాకపాయ దానికి!"

ఏడుస్తానే ఫరహత్‌కు నవ్వొచ్చింది.

"నువ్వే చెప్పు మ్మా."

"నా గొంతు గుడ్లకు. దానికి నీ గొంతే కావల్ల."

ఫరహత్ కడుపు మీద చెయ్యి పెట్టుకుని గొణిగింది.

"గట్టిగా మే! నాకే వినపళ్ల్యా."

"గుండె పెట్టుకో!" అని అరిచింది ఫరహత్. వీధి వీధంతా విన్నది. పక్కింటామె రొట్టెలు చేసేది ఆపి గోడమీద నుంచి చూసింది. మహబూబ్‌బీ గంపలో నుంచి ఒక గుడ్డు తీసి టార్చి మీద పెట్టింది. లోపల ఎర్రటి చుక్క ఒకటి తపతప కొట్టుకుంటాంది. ఇంకోటి తీసింది. అందులోనూ అంతే. గుడ్లు కూడా కూతురి మాటే విన్నాయి.

సాయంత్రానికల్లా కబురు పులివెందుల చేరింది. వియ్యపురాలు ఖమర్‌బీ ఫోన్ చేసింది.

"ఊరంతా చాటినారంట!"

"చాటినాం వదినా. వినాల్సినోళ్లు విన్నారు."

వారానికి అందరూ పొద్దుటూరు పోయారు. మిషన్ పెట్టీపెట్టగానే గది నిండా చప్పుడు, గుర్రం పరిగెత్తినట్టు. ఫరహత్ మొగుడు అద్నాన్ అది విని మళ్లీ పెట్టమని డాక్టరమ్మను బతిమాలుకున్నాడు.

అందరూ బస్టాండుకు వచ్చారు. పులివెందుల బస్సు వచ్చి ఆగింది. జనం ఎక్కుతున్నారు. ఖమర్‌బీ కోడలి చెయ్యి పట్టుకుని ఆపి, ఆ జనంలోనే వంగి, కోడలి కడుపుకు దగ్గరగా నోరు పెట్టింది.

"ఇంక కండ్లు పెట్టుకో నాయనా," అనింది గట్టిగా. "మీ అబ్బాజాన్‌వి వద్దు, మీ అమ్మవి పెట్టుకో."