బురద పందాల అక్కచెల్లెళ్ళు

ఎల్లివ్‌కి ఆ చలికాలాలు ఇప్పటికీ వాసనలతో సహా గుర్తున్నాయి. తడిసిన ఉన్ని, చైనుకి పూసిన నూనె, వెనక సీట్లో చెల్లెలు మాబ్లీ ఒలుచుకుంటూ కూర్చునే నారింజపళ్ళు. ఆదివారం పొద్దున్నే నాన్న ఇద్వల్ గొర్రెల్ని సంతకు తోలే పాత వ్యానును నీళ్ళతో కడిగి, అందులోకి సైకిళ్ళు ఎక్కించేవాడు. ఎంత కడిగినా గొర్రెల కంపు పోయేది కాదు. పందెం జరిగే చోట తక్కిన పిల్లలు ముక్కు మూసుకుంటే, మాబ్లీ వాళ్ళ ముఖం మీదే "మే" అని అరిచి వచ్చేది.

వేల్స్‌లో కాదర్ ఇద్రిస్ కొండ కింద వాళ్ళది గొర్రెల పొలం. వేసవిలో ఇద్దరూ అడవి బాటల్లో, రాళ్ళ మీద కొండ సైకిళ్ళు తొక్కేవారు. చలికాలం వస్తే సైక్లోక్రాస్. ముప్పావుగంటసేపు బురదలో చుట్లు కొట్టాలి. అడ్డంగా పలకలు వస్తే దిగి దూకాలి, ఎత్తు వస్తే సైకిల్‌ని భుజాన వేసుకుని పరుగెత్తాలి. ఆ రోజుల్లో పేరంతా ఎల్లివ్‌దే. ఆమెకి పంతొమ్మిది, మాబ్లీకి పదహారు. మైకులో కూడా చిన్నదాన్ని "ఎల్లివ్ చెల్లెలు" అనే పిలిచేవారు. చిన్నది దానికేమీ నొచ్చుకునేది కాదు. అక్క వెనక చక్రం మీద కళ్ళు పెట్టి, అది ఎటు తిరిగితే అటు తిరిగేది.

వేల్స్ ఛాంపియన్‌షిప్ జరిగిన జనవరిలో వారం రోజులు వాన తెరిపివ్వలేదు. చివరి చుట్టులో ఎల్లివ్ ముందు, మాబ్లీ వెనక, మూడో మనిషి కనుచూపు మేరలో లేదు. ఏటిపక్క వంపులో ఎల్లివ్ గేరులో గడ్డి చుట్టుకుంది. ఒక్క తొక్కుకి గేరు విరిగి చక్రం చువ్వల్లో ఇరుక్కుపోయింది. ఇంకో సైకిల్ పెట్టుకున్న చోటు అక్కడికి అరమైలు. మాబ్లీ బ్రేకు వేసి ఆగిపోయింది.

"ఏమైంది అక్కా?"

"గేరు పోయింది. నువ్వు పో!"

"ఒక్కదాన్నే పోనా?"

"మరి నన్ను చంకనెత్తుకుని పోతావా? పోవే మొద్దూ!"

మాబ్లీ రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. మూడోసారి చూడలేదు. ఎల్లివ్ సైకిల్ మోసుకుంటూ పరుగెత్తి పదకొండో స్థానంలో వచ్చింది. గీత దాటేసరికి మైకులో చెల్లెలి పేరు మోగుతోంది. అక్క ఊసు లేదు, ఉత్త "మాబ్లీ" అనే.

పొమ్మన్నది తనే. అయినా ఆ గెలుపు ఓర్చుకోలేకపోయింది. ఇంటికి వచ్చాక ఎల్లివ్ చెల్లెలితో మాట మానేసింది. కూర గిన్నె కావాలన్నా నాన్నకే చెప్పేది. ఇద్వల్ రెండు రోజులు ఇటు మాట అటు చేరవేశాడు.

మూడో రోజు విసుక్కున్నాడు. "మీ ఇద్దర్లో ఎవరు గెలిచినా టీ కాచేది నేనే గదా! నాకెందుకమ్మా ఈ రాయబారాలు?"

ఆ వారం పందేనికి ఎల్లివ్ రానంది. నాన్నా, చిన్నదీ వెళ్ళారు. సాయంత్రం మాబ్లీ మోకాళ్ళు కొట్టుకుపోయి, చెవుల్లో కూడా మట్టితో తిరిగొచ్చింది. ఆఖరి నుంచి రెండో స్థానం. వంటింట్లో బూట్లు విప్పుకుంటూ వెక్కిళ్ళు ఆపుకుంటోంది. ఎల్లివ్ ఉండబట్టలేకపోయింది.

"టైర్లలో గాలి ఎంత కొట్టావే?"

"ముప్పై."

"ముప్పయ్యా! ఆ బురదలోనా? పద్దెనిమిది దాటితే బురద పట్టు ఇవ్వదు గదే!"

"నాకేం తెలుసు? గాలి ఎప్పుడూ నువ్వే చూస్తావుగా," అని మాబ్లీ బావురుమంది.

ఎల్లివ్ ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మోకాళ్ళలో దిగిన రాళ్ళు ఒక్కొక్కటే తీసింది. అవి తీస్తుంటే ఆమెకొక సంగతి తట్టింది. నల్ల బురద ఎక్కడ అంటుకుంటుంది, ఎర్ర బురద ఎక్కడ జారుతుంది, ఏ గడ్డి గేరుని పట్టుకుంటుంది, ఇవన్నీ తనకి తెలుసు. చెల్లెలికి తెలియవు. చెల్లెలికి ఉన్నది ఎంత తొక్కినా అలవని ఊపిరి. అది తనకి లేదని ఎల్లివ్‌కి ఏడాదిగా తెలుసు, ఎవరికీ చెప్పలేదంతే.

మరుసటి చలికాలం ఎల్లివ్ పందెం నంబరు కట్టుకోలేదు. పందెం మధ్యలో సైకిళ్ళు మార్చుకునే చోట, పిట్‌లో నిలబడింది. సగం చుట్టుకోసారి మాబ్లీ బురద ముద్దలా వచ్చి సైకిల్ విసిరేసేది. ఎల్లివ్ కడిగిన సైకిల్ అందించేది. రెండు సెకన్లు. ఆ రెండు సెకన్లలోనే "ఎడమ గట్టున పో, అక్కడ గట్టిగా ఉంది" అని చెప్పాలి. ఆ ఏడు వేల్స్ పందెం, ఆ పై ఏడు బ్రిటన్ జూనియర్ల పందెం, వేసవిలో కొండ సైకిళ్ళలో స్కాట్లండ్ వెళ్ళి అక్కడి పందెం. మాబ్లీ గెలుస్తూ పోయింది. మాబ్లీకి ఇరవై నిండేసరికి బెల్జియం నుంచి ఒక జట్టు పిలిచింది. సంతకం పెట్టే ముందు, డిసెంబరులో తమ దేశంలో ఒక్క పందెం తొక్కి చూపించమన్నారు.

ఆ పందేనికి అక్కచెల్లెళ్ళు గొర్రెల వ్యానులోనే ఓడ ఎక్కి వెళ్ళారు. పుట్టిన నాటి నుంచి సైక్లోక్రాస్ చూస్తున్న జనం, వేలల్లో, చేతుల్లో బీరు గ్లాసులు. ఎల్లివ్ పిట్‌లో నీళ్ళ గొట్టం విప్పి, కడిగిన సైకిల్‌నే ఇంకోసారి కడిగింది. మాబ్లీ తొమ్మిదో స్థానంలో బయల్దేరి ఒక్కొక్కరినే దాటుకుంటూ మూడోదిగా వచ్చింది. ఇంటికి ఫోను చేసి సంగతి చెప్పారు. ఇద్వల్ "ఇక్కడ మంచు పడుతోంది, జాగ్రత్తగా రండి," అన్నాడు.

జట్టు మేనేజరు మంచివాడు. ఎల్లివ్ చేయి పట్టుకుని ఊపాడు. వచ్చే ఏడాది నుంచి పిట్‌లో జట్టు మనుషులే ఉంటారని మెల్లగా చెప్పాడు. ఎల్లివ్ తల ఊపింది. ఆ మాట వస్తుందని ఆమెకి ముందే తెలుసు.

వ్యాను దగ్గర మాబ్లీ వేయించిన బంగాళాదుంపల పొట్లం విప్పి, "నువ్వు లేకపోతే నేను సంతకం పెట్టను," అంది.

"పెట్టవూ? అయితే రేపు పొద్దున్నుంచి గొర్రెల గిట్టలు కత్తిరించు. నేను బెల్జియంలో ఉండిపోతాను."

మాబ్లీ నవ్వబోయి ఏడ్చింది. ఎల్లివ్ ఆమె చేతిలోని పొట్లం తీసుకుని, చల్లారేలోపు తినమని ఒక ముక్క నోట్లో పెట్టింది. జనం వెళ్ళిపోయాక, హద్దు తాళ్ళు ఇంకా విప్పని ఆ పందెం బాట మీద పొద్దు వాలుతుంటే, ఎల్లివ్ రెండో సైకిల్ దించింది.

"ఎక్కడికి అక్కా?"

"ఇంత దూరం వచ్చి తొక్కకుండా పోతానా?"

మాబ్లీ కూడా కాళ్ళు ఈడ్చుకుంటూ తన సైకిల్ ఎక్కింది. ఎల్లివ్ ముందు సాగింది. మాబ్లీ అక్క వెనక చక్రం మీద కళ్ళు పెట్టింది, దాటే ప్రయత్నం చేయలేదు.