ఎడమ వైపు పనివాడు

దెల్మో పాలగిన్నెను ముక్కు దగ్గర పెట్టుకుని రెండుసార్లు వాసన చూశాడు. పాలు నిన్న కొన్నవే, ఫ్రిజ్‌లో పెట్టినవే. అయినా ఒక చుక్క నాలుక మీద వేసుకుని, కాసేపు ఆగి, అప్పుడు కాఫీలో పోసుకున్నాడు. గ్యాస్ కట్టేసి, కట్టేసిన మరను మళ్లీ ముట్టుకుని చూశాడు. కోటు కుడి జేబులో రుమాల్లో చుట్టిన అయస్కాంతం, ఎడమ జేబులో కొలత టేపు, లోపలి జేబులో చిన్న టార్చి సర్దుకున్నాడు. తలుపుకి తాళం వేసి ఒక అంతస్తు దిగాక, వెనక్కి ఎక్కి తాళం లాగి చూసి మళ్లీ దిగాడు. డెబ్బై ఒక్క ఏళ్ల మోకాళ్లు అలా అరగడానికి సగం కారణం ఆ తాళమే.

కింద వీధిలో ఎవాసియో అప్పటికే వచ్చి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు, తడిపి దువ్విన తెల్లజుట్టు. మంగళవారం పూట ఈ వేషమేమిటా అని దెల్మో అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"ఎవరిదిరా పెళ్లి?"

"కారు చూడ్డానికి వెళ్తున్నాం కదా."

"కారు నిన్ను చూడదు. అమ్మేవాడు చూస్తాడు. ఇలా ముస్తాబై పోతే, వీడు కొనడానికే వచ్చాడని వాడికి తెలిసిపోదూ? ఆ పై గుండీ తియ్యి. జుట్టు కూడా కాస్త చెరుపుకో."

ఎవాసియో నవ్వుతూ గుండీ తీశాడు. జుట్టు మాత్రం చెరుపుకోలేదు.

ఎవాసియో తొరీనో నగరంలో ముప్పై నాలుగేళ్లు ట్రాము నడిపాడు. ట్రాముకి స్టీరింగ్ ఉండదు. పట్టాలు ఎటు పోతే అటు పోవాలి, గంట కొట్టాలి, ఆగాలి. పాతికేళ్ల వయసులో ఒకసారి పో నది వంతెన మీద అతని ట్రాము పక్కనుంచి రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్స్ కారు ఒకటి రయ్యిన దూసుకెళ్లి, మలుపు తిరిగి, కొండదారి పట్టింది. ఆ మలుపు అతని మనసులోంచి పోలేదు. భార్య నివేస్ ఉన్నంతకాలం ఆ మాట ఎత్తినప్పుడల్లా ఆవిడ చీపురు చూపించేది. నివేస్ పోయి రెండేళ్లయింది. ఆవిడ పుట్టింటి వాళ్లిచ్చిన హేజల్‌నట్ తోట ఈ వేసవిలో అమ్ముడుపోయింది. అదే వేసవిలో డాక్టరు ఎవాసియో గుండె కవాటం సంగతి చెప్పాడు. కోసి బాగుచేసే స్థితి దాటిపోయిందట. ఒక ఏడాది, అదృష్టం బాగుంటే రెండు. ఎవాసియో ఆ సంగతి ఒక్క దెల్మోకే చెప్పాడు, అదీ పేకాట మధ్యలో, ముక్కలు పంచుతూ.

ఇప్పుడు అతని ముందు రెండు కార్లున్నాయి. రెండూ ఒకే నమూనావి, ఒకే ఏడాదివి. ఒకటి ఫియోరెంజో అనే మెకానిక్ నాలుగేళ్లు కూర్చుని మేకు నుంచి మేకు దాకా బాగుచేసిన ఎర్ర కారు. తాళం తిప్పితే చాలు, ఈ సాయంత్రమే కొండ ఎక్కొచ్చు. రెండోది వెర్సెల్లి దగ్గర ఒక వరి రైతు కొట్టంలో ముప్పై ఏళ్లుగా పడివున్నది. దానికి అన్నీ చెయ్యాలి. ఏది కొనాలో చెప్పమని ఎవాసియో దెల్మోని అడిగాడు. "నువ్వు ఏది అంటే అదే. నాకు రేకు సంగతి తెలీదు, నీకు తెలుసు" అన్నాడు.

దెల్మోకి తెలిసింది ఆ ఒక్కటే. పద్నాలుగో ఏట కార్ల ఒళ్లు కట్టే చిన్న కర్మాగారంలో చేరాడు. అప్పట్లో అచ్చులు లేవు. ఇసుక నింపిన తోలుసంచి మీద రేకు పరిచి, సుత్తితో కొట్టి కొట్టి వంపు తెచ్చేవాళ్లు. ఒక్కో కారుకి ఇద్దరు పనివాళ్లు, ఒకడు కుడివైపుకి, ఒకడు ఎడమవైపుకి. దెల్మో ఎడమవైపు మనిషి. ఇరవై రెండేళ్లపాటు ఎడమ మడ్‌గార్డులు, ఎడమ తలుపులు తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. ఆ మోతకి కుడిచెవి సగం చచ్చిపోయింది. కర్మాగారం మూతపడ్డాక, సొట్టలకి లప్పం పూసి రంగేసే షెడ్లలో పనిచేశాడు. అక్కడే మనుషుల్ని నమ్మడం మానేశాడు. తన చేత్తోనే ఎన్ని తుప్పులు కప్పలేదు, ఎన్ని గుద్దుడు కార్లని కన్నెపిల్లల్లా సింగారించలేదు. ఆ తర్వాత జనం పాత కారు కొనే ముందు అతన్ని వెంట తీసుకెళ్లడం మొదలుపెట్టారు. అయస్కాంతం అంటుకుంటే రేకు, జారిపోతే లప్పం. రోజుకో మోసం పట్టుకుని ఇంటికొచ్చేవాడు. నేలమాళిగలో తన సుత్తులు ఇరవై ఆరు నూనె రాసి వేలాడుతున్నాయి. మడ్‌గార్డ్ కొట్టిపెట్టమని ఎవరైనా అడిగి పదకొండేళ్లయింది.

ఫియోరెంజో తన షెడ్డులో వాళ్లని చూడగానే కాఫీ తెప్పించాడు. దెల్మో ఆ కప్పుకేసి చూసి పక్కన పెట్టేశాడు. ఊరికే కాఫీ ఇచ్చేవాడి దగ్గర కారు రెండుసార్లు చూడాలని అతని లెక్క.

"ఎంతసేపైనా చూసుకోండి దెల్మో గారూ. మీకు తెలియంది ఏముంది" అన్నాడు ఫియోరెంజో.

"తెలియంది ఉంటుందనే కదా వచ్చింది."

గంటన్నర చూశాడు. రుమాల్లో అయస్కాంతాన్ని చక్రాల అంచుల మీద, తలుపుల కింద, దీపాల చుట్టూ జానెడు జానెడుగా జరిపాడు. ఎక్కడా జారలేదు. చాప మీద పడుకుని అడుగున టార్చి వేశాడు. అతుకులన్నీ పాత పద్ధతివే, నిజాయితీగా ఉన్నాయి. అంత శుభ్రంగా ఉండటం అతనికి నచ్చలేదు. ఎక్కడో ఒకచోట దొరకాలి కదా. టేపు తీసి దీపం నుంచి తలుపు అంచుదాకా ఎడమవైపు కొలిచాడు, కుడివైపు కొలిచాడు. తొమ్మిది మిల్లీమీటర్ల తేడా.

అప్పుడు ఎడమ మడ్‌గార్డ్ లోపలికి చెయ్యి పోనిచ్చాడు. పైన ఎంత రంగేసినా లోపలివైపు సుత్తి దెబ్బలు మిగిలే ఉంటాయి. చిన్నవి, దగ్గర దగ్గరగా, కొంచెం వాలుగా. మనిషి చేతిరాతలాగే ఎవరి దెబ్బ వాళ్లదే. ఈ దెబ్బలు తనవి. దెల్మో చాలాసేపు చెయ్యి తియ్యకుండా అలాగే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

తొమ్మిది మిల్లీమీటర్ల తేడా ఎందుకో దెల్మోకి తెలుసు. ఇద్దరు మనుషులు కొట్టిన రెండు పక్కలు ఒక్కలా రావు. అలాంటి కార్లలో ఒక్కలా వస్తేనే అనుమానించాలి. ఆ తేడాయే ఈ కారు అసలుదనడానికి రుజువు. ఈ మాట తొరీనోలో చెప్పగలిగినవాళ్లు పట్టుమని పదిమంది లేరు. ట్రాము నడిపినవాడికి అసలే తెలీదు.

బయట ఎండలో నిలబడ్డ ఎవాసియో దగ్గరికి వెళ్లి, చేతులు తుడుచుకుంటూ చెప్పాడు.

"రెండు పక్కలూ ఒకటి కాదు. తొమ్మిది మిల్లీమీటర్లు తేడా ఉంది."

"అంటే? ఎక్కడైనా గుద్దుకుందా?"

"నేనేమీ అనట్లేదు. కొలిచింది చెప్పాను."

ఎవాసియో కారుకేసి చూశాడు. ఎర్రరంగు మీద అతని ఇస్త్రీ చొక్కా నీడ పడింది. "చూడ్డానికి బాగానే ఉందిరా" అన్నాడు మెల్లగా.

"చూడ్డానికి అన్నీ బాగానే ఉంటాయి. అక్కడే మునుగుతారు జనం."

అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. దెల్మో అదే తనకి తాను చెప్పుకుంటూ తన పాత కారెక్కాడు.

మధ్యాహ్నం వెర్సెల్లి దారిలో ఒక చిన్న హోటల్లో చిక్కుడుగింజలు, సాసేజీ వేసి వండిన అన్నం తిన్నారు. ఎవాసియో నాలుగు ముద్దలు తిని పళ్లెం జరిపేశాడు. "ఏం, అన్నంలో ఏమన్నా ఉందా?" అని దెల్మో అతని పళ్లేన్ని కూడా అనుమానంగా కెలికి చూశాడు. ఆకలి లేదన్నాడు ఎవాసియో.

కోతలైపోయిన పొలాల్లో నీళ్లు నిలిచి కొంగలు దిగాయి. రైతు ఇర్మాకి యాభై ఏళ్లుంటాయి. రబ్బరు బూట్లతో కొట్టం తలుపు తన్ని తెరిచింది. కారు ఇటుకల మీద ఉంది. బానెట్ మీద కోళ్లు గుడ్లు పెట్టిన గడ్డి ఉంది. ఎడమ మడ్‌గార్డ్ కింది సగం తుప్పుపట్టి జల్లెడయింది. దెల్మో అయస్కాంతం తియ్యనే లేదు.

"మా నాన్న తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. మీకు అబద్ధం చెప్పి నాకేంటి లాభం? తీసుకెళ్తే ట్రాక్టర్‌కి చోటు దొరుకుతుంది" అంది ఇర్మా.

"ఇది అబద్ధమాడదమ్మా. దీని జబ్బంతా పైకే కనిపిస్తోంది" అన్నాడు దెల్మో. పొద్దున్నుంచీ మనిషిని నమ్మినట్టు మాట్లాడటం అదే మొదటిసారి. మడ్‌గార్డ్ అంచు వెంట వేలు పోనిస్తూ, ఎంత కొయ్యాలో, ఎన్ని ముక్కలుగా కొట్టాలో, ఏ సుత్తితో మొదలుపెట్టాలో లెక్కలేసుకుంటున్నాడు.

"దీన్నీ కొలువు" అన్నాడు ఎవాసియో.

దెల్మోకి కొలవక తప్పలేదు. పదకొండు మిల్లీమీటర్లు.

"దీనికీ తేడా ఉందే?"

"ఇటుకల మీద వంగి ఉంది. అందుకని."

ఎవాసియో వంగి ఇటుకలకేసి చూశాడు. అవి తిన్నగానే ఉన్నాయి. నిటారుగా లేచి, కాసేపు ఊపిరి కూడదీసుకుని అడిగాడు.

"ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండేళ్లు. మూడనుకో."

"రేకుపని నువ్వే చేస్తావా?"

"నేను కాక ఇంకెవడు చేస్తాడు?" దెల్మో నోట్లోంచి జవాబు మరీ తొందరగా వచ్చింది.

ఎవాసియో అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. కోపంగా కాదు. "అయితే ఇదే తీసుకుందాం" అన్నాడు. ఇర్మా చెయ్యి పట్టుకుని ఊపి, కాగితాలకి రేపు వస్తామన్నాడు.

తిరుగుదారిలో పొగమంచు దిగింది. దెల్మో రోడ్డు మీంచి చూపు తిప్పకుండా కారు నడుపుతూ మాట్లాడుతూనే ఉన్నాడు. నేలమాళిగ చాలదు, తమ్ముడి గ్యారేజి అడగాలి, తోలుసంచికి కొత్త ఇసుక కావాలి. ఎవాసియో మొదట్లో ఊఁ కొట్టాడు. తర్వాత అదీ లేదు. అక్కడి కార్లకి స్టీరింగ్ ఎడమవైపు. పక్కసీట్లో ఎవాసియో కూర్చున్నది అతని చచ్చిన కుడిచెవి వైపు కాబట్టి, అటు నిశ్శబ్దంగా ఉండటం దెల్మోకి కొత్త కాదు.

సంతియా ఊరు దాటాక అనుమానం మొదలైంది. వీడు అంత తొందరగా ఎందుకొప్పుకున్నాడు? ఇటుకల్ని అంతసేపు ఎందుకు చూశాడు? రేకుపని నువ్వే చేస్తావా అని ఎందుకడిగాడు? వీడికి తెలిసిపోయింది. తెలిసి కూడా ఒప్పుకున్నాడు. ఏ లాభానికి? దెల్మో జీవితమంతా ఆ ప్రశ్నే వేశాడు. ఎవడికి లాభం? ఈసారి దానికి ఒకే ఒక జవాబు దొరికింది, తనకే. మూడేళ్లు సుత్తి పట్టేది తను. స్టీరింగ్ పట్టాల్సినవాడికి మూడేళ్లు లేవు. ఆ సంగతి పేకముక్కలు పంచుతూ వాడే చెప్పాడు. సిగ్గుతో దెల్మో చెవులు కాలాయి.

"ఒరేయ్" అన్నాడు పొగమంచుకేసి చూస్తూ. "ఆ ఎర్రదాంట్లో ఏ లోపమూ లేదురా. కుడిపక్క ఒకడు కొడతాడు, ఎడమపక్క ఒకడు కొడతాడు. అందుకే తేడా. తేడా ఉంటేనే అసలుది. అది నాకు పొద్దున్నే తెలుసు. దాని ఎడమపక్క నేను కొట్టిందే. నాకు పని కావాలనిపించింది, అంతే. రేపు ఫియోరెంజో దగ్గరికి పోదాం. సాయంత్రానికల్లా కొండ మీదుంటావు."

జవాబు లేదు.

"కోపంగా ఉంటే తిట్టు. పడతాను."

రెండు కిలోమీటర్లు పోయాయి. దెల్మో ఓరకంట చూశాడు. ఎవాసియో తల కిటికీకి ఆనించి కళ్లు మూసుకున్నాడు. "నటించకురా. నిద్రపోయేవాడి మొహం నాకు తెలీదా" అన్నాడు దెల్మో. ఆ నిద్ర కూడా అతనికి అనుమానంగానే ఉంది.

పెట్రోలు బంకు వెలుతురులో కారు ఆపి, చల్లబడిపోయిన ఎవాసియో చెయ్యి పట్టుకున్నాక నమ్మాడు.

అంబులెన్సు పావుగంటలో వచ్చింది. ఆకుపచ్చ కోటు కుర్రాడు చూసి తల అడ్డంగా ఊపి, కాగితం నింపసాగాడు. దెల్మో అతని మోచెయ్యి పట్టుకుని, మంచి చెవి అతని వైపు తిప్పాడు.

"ఎప్పుడు బాబూ? సంతియాకి ముందా, తర్వాతా?"

"అంత కచ్చితంగా చెప్పలేం పెద్దాయనా. అరగంట అవ్వొచ్చు, గంటా అవ్వొచ్చు."

"నేనొక మాట చెప్పాను. సంతియా దాటాక చెప్పాను. వాడు విన్నాడా లేదా, అది చెప్పు చాలు."

కుర్రాడు జాలిగా చూసి, అతని భుజం తట్టి, ఎవాసియోని పడుకోబెట్టిన బండెక్కాడు. బండి వెనక ఎర్రదీపం మంచులో కాసేపు కనిపించి పోయింది. దెల్మో తన కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. పక్క తలుపు తెరిచి, ఎందుకు వెతుకుతున్నాడో తెలియకుండానే సీటంతా తడిమాడు. సీటుకీ తలుపుకీ మధ్య పత్రిక కాగితంలో చుట్టిన చిన్న పొట్లం ఇరుక్కుని ఉంది, ఎవాసియో జేబులోంచి జారినట్టుంది. బంకు దీపం కింద విప్పాడు. కారులో ముందు అద్దం కింద అంటించుకునే రేకు బిళ్ల, కొత్తది. మధ్యలో నివేస్ ఫోటో, కింద "నెమ్మదిగా వెళ్లు" అన్న అక్షరాలు. వెనక జిగురు మీది కాగితం ఇంకా ఊడదియ్యలేదు.