వట్టి మిషన్ని కాను

నేను ఒక తూకం మిషన్ని. అందరి బరువూ చెబుతాను, నా పరువు మాత్రం దక్కించుకోలేను. గుండ్రని మొహం, ముక్కు ఉండాల్సిన చోట ఒక ముల్లు. అందుకే నేనేం చెప్పినా ఎవరికో ఒకరికి గుచ్చుకుంటుంది.

ఫ్యాక్టరీలో నా పొట్టలో ఒక స్ప్రింగు పెట్టి లోకం మీదికి తోలేశారు. ముందు విజయనగరంలో ఒక కాంట్రాక్టరు గారింట్లో పడ్డాను. ఆయన భార్య రోజూ గాజులు తీసేసి, ఊపిరి బిగబట్టి మరీ ఎక్కేది. ముల్లు ముందుకెళ్తే తిట్లు నాకు, మైసూరుపాకు ఆవిడకు. చివరికి విసిగిపోయి చీపురుపల్లి పక్కన ఒక ఊరి అంగన్‌వాడీకి దానమిచ్చేసింది. పుణ్యం ఆవిడకి, పల్లెటూరు నాకు.

ఇక్కడ లోకం తలకిందులు. గర్భిణులు ఎక్కుతారు, ముల్లు ముందుకెళ్తే మెచ్చుకుంటారు. మొదటిసారి పొగడ్త వినేసరికి నా స్ప్రింగు వదులైపోయింది.

అలాంటి రోజుల్లో సింహాచలం వచ్చింది. వట్టి మనిషి కాదు, ఐదో నెల. వెంట అత్త పైడమ్మ. మరుసటి నెల వచ్చినా ముల్లు అక్కడే, ఆపై నెలా అక్కడే. తుప్పు పట్టానేమోనని నా మీద నాకే అనుమానం. టీచరు వరహాలమ్మ నా చెవి మెలిపెట్టి సున్నా సరిచేసి, నెత్తిన బియ్యం బస్తా పెట్టి చూసింది. నా తప్పేం లేదు. నీళ్లోసుకున్న పిల్లకి నీళ్లే పోస్తున్నారు కాబోలు. కడుపుతో ఉంది గానీ కడుపు నిండటం లేదు.

పైడమ్మ మాత్రం నన్ను చూసి మురిసిపోయేది. కదలనందుకు నన్ను మెచ్చుకున్నది ఆవిడొక్కతే. నా అంకె పెరిగితే లోపల బిడ్డ లావైపోయి కాన్పు కష్టమవుతుందని ఆవిడ లెక్క. సొంత కూతురు కాన్పులో చావు దాకా వెళ్లొచ్చింది మరి. ఆ భయంతో కోడలికి సగం గుడ్డు, సగం అన్నం పెట్టేది.

ఈ నెలల్లో నెలకి కేజీన్నర, రెండు కేజీలు పెరగాలనీ, తల్లి తినకపోతే బిడ్డ బక్కచిక్కి, నెలలు నిండకుండానే పుట్టే ప్రమాదముందనీ, రక్తం తగ్గితే కాన్పు మరీ కష్టమనీ టీచరు నచ్చజెప్పింది.

“మా కాలంలో ఈ మిసన్లు నేవమ్మా. పిల్లల్ని కన్లేదేటి?” అంది పైడమ్మ.

అప్పటిదాకా నా మీద నిలబడి నేల చూస్తున్న సింహాచలం నోరు విప్పింది. “అత్తా, మన సూడి ఆవుకి రెండు పూటలా ఉలవలుడకెట్టి పెడతన్నావు. నన్ను కూడా ఆ గాటికే కట్టీ.”

టీచరు నవ్వబోయి ఆగిపోయింది. నా ముల్లు వణుకుతోంది. ఆ పిల్ల ఏడుస్తోందని నాకే ముందు తెలిసింది.

“ఆవుకి పెట్టకపోతే దూడ బతకదు గదే,” అని గొణిగింది పైడమ్మ. తన మాట తన చెవినే పడింది. కళ్లు తుడుచుకుంటున్న కోడలి మోచేతి దాకా జారిపోతున్న గాజుల్ని అప్పుడు చూసింది.

ఆ తర్వాత పప్పు, మునగాకు కూర, పాలు, పూర్తి గుడ్డు. ఐరన్ మాత్ర వేసుకునేదాకా పైడమ్మ కదిలేది కాదు. వచ్చిన ప్రతిసారీ “ఇంతేనేటి?” అని నాతోనే తగవు. ముల్లు కదిలింది, మా అందరి గుండెల్లో ముల్లూ ఊడింది. ఆస్పత్రిలో ఆడపిల్ల నిక్షేపంగా పుట్టింది, దాదాపు మూడు కేజీలు. ఆ తూకం వేసింది మాత్రం వేరే మిషను. కుళ్లుతో నా స్ప్రింగు తెగింది.

ఇప్పుడు నా చోట డిజిటల్ మిషను వచ్చింది. దానికి ముల్లు లేదు, మొహమాటమూ లేదు. నన్ను మూలకి తోసి, పైన గుడ్ల అట్టలు పెట్టారు. తూచే ఉద్యోగం పోయి మోసే ఉద్యోగం వచ్చింది.

మొన్న మనవరాల్ని చంకనేసుకుని పైడమ్మ వచ్చింది. ఈ వట్టి డబ్బాని పాత ఇనుముకి పడేస్తానని టీచరు అంది. పైడమ్మ నన్నూ, నా మీదున్న అట్టల్నీ ఎగాదిగా చూసింది.

“వట్టిదంతావేటి టీచరమ్మా? గుడ్లతో ఉంది.”